జిల్లేడు పెళ్ళికూతురికి పట్టిన పురుగు

కొండవారిపాలెం,
8-9-1958

చిరంజీవి కోటిరత్నానికి, చిన్నప్పుడు నిన్ను భుజాన ఎక్కించుకు తిప్పానన్న ధైర్యంతో మీ బాబాయి యలమందయ్య రాసేది.

ఇక్కడ గేదె ఈనింది. పెయ్యదూడ. నువ్వు కులాసాయేనా అని అడగను. బ్రాడీపేటలో గది తీసుకుని, ఆడపిల్లల బడిలో కప్పలు కోయించి జీతం పుచ్చుకునేదానికి కులాసాకేం లోటు?

అసలు సంగతి. కార్తీకంలో నేను పెళ్ళి చేసుకుంటున్నాను. మూతి తిప్పకు, ఇక్కడికి కనపడుతోంది. మీ పున్నమ్మ పిన్ని పోయింది. ఆ తరవాత చేసుకున్న సుబ్బులూ పోయింది. జ్వరమొస్తే గంజి కాచి పోసే దిక్కు లేదు నాకు. ఈవిడ పేరు మాణిక్యం. ముప్ఫయ్యారేళ్ళ మనిషి, మన ఊరి పక్క పేటలో పొగాకు గ్రేడింగు షెడ్డులో ఆడకూలీల మీద మేస్త్రీ. మొగుడు పోయి చాలాకాలమైంది. పిల్లల్లేరు. నోరు మాత్రం ఉంది.

మూడో పెళ్ళి అచ్చిరాదట గదా. అందుకని ముందు జిల్లేడు చెట్టుకి తాళి కట్టి దాన్ని మూడో భార్యని చేసుకుంటే, మాణిక్యం నాలుగోదవుతుందని పురోహితులు అవధాన్లు గారు చెప్పారు. గండమేదన్నా ఉంటే ఆ జిల్లేడే మోస్తుందట. మిరప చేను గట్టున ఏపుగా ఉన్న చెట్టొకటి చూసి, మేకలు ముట్టకుండా చుట్టూ కంప కూడా నాటాను. ఇప్పుడు దానికి పురుగు పట్టింది. నల్లచార, తెల్లచార, పసుపు చుక్కలు. ముందు కొమ్ములు, వెనక కొమ్ములు, నడుమ కొమ్ములు. తల ఎటో తోక ఎటో తెలిసి చావదు. ఆకంతా బోసిపోతే పెళ్ళికూతురు పనికిరాదంటారు అవధాన్లు గారు. ఊళ్ళోవాళ్ళేమో పున్నమ్మే పురుగై వచ్చి సవతిని తింటోందని ఒకటే నవ్వులు.

అంత డబ్బు పోసి చదివావుగా, ఆ పురుగు పేరేంటో, దానికి మందేంటో తిరుగు టపాలో రాయి.

నీ చదువు ఎందుకు పనికొస్తుందో ఇన్నాళ్ళకి తెలుసుకోబోతున్న,
యలమందయ్య

* * *

బ్రాడీపేట, గుంటూరు,
13-9-1958

కాబోయే పెళ్ళికొడుకు గారి సముఖానికి, అన్న కూతురు కోటిరత్నం దణ్ణాలు.

గేదె ఈనినందుకు సంతోషం. మీ ఇంట్లో ఆడది కాన్పయి లేచి తిరుగుతోందంటే అది గేదె కాబట్టే.

ఇద్దరు చాలలేదా బాబాయ్? పోనీ మూడో ఆవిడకి తాళి కడతారు, మధ్యలో ఆ చెట్టు మీకేం పాపం చేసింది? చెట్టుకి కళ్యాణబొట్టు పెడతారా, మధుపర్కాలు చుడతారా? బువ్వంబంతిలో దాని నోరెక్కడో చూసి ముద్ద పెడతారా? మా హెడ్మిస్ట్రెస్ గారికి చెబితే నేను కల్పించానంది. మా బాబాయిని నేను కల్పించగలనా అన్నాను.

పున్నమ్మ పిన్ని సంగతి ఊళ్ళోవాళ్ళకి ఇలా చెప్పండి. ఆవిడ బతికున్నన్నాళ్ళూ మీ ఇంట్లో కుదురుగా కూర్చుని నాలుగు మెతుకులు తినలేదు. చచ్చాక వచ్చి తింటుందా? టైఫాయిడ్ జ్వరంతో వొళ్ళు కాలిపోతుంటే, కళ్ళంలో మిరపకాయ ఎత్తాక ఆసుపత్రికి పోదామన్నారు మీరు. నాకు గుర్తుంది.

ఇక మీ పురుగు. జిల్లేడు పాలు విషం. పశువులు కూడా మూతి పెట్టవు, పురుగు తింటుందా? పక్కన పొగాకు నారుమళ్ళు ఉన్నాయిగా, నారు తినే లద్దె పురుగు దారి తప్పి అటు పాకి ఉంటుంది. మూడు చోట్ల కొమ్ములున్న పురుగు లోకంలో లేదు. పేటలో కంటి డాక్టరు ఉంటాడు, వెళ్ళి చూపించుకోండి.

ఆ మాణిక్యమ్మ గారికి అయినవాళ్ళు ఎవరూ లేరా, మంచీ చెడ్డా చెప్పడానికి?

మీ జిల్లేడు పెళ్ళికూతురు నాకు పిన్ని వరసో ఏ వరసో తేలక తికమకపడుతున్న,
కోటిరత్నం

* * *

కొండవారిపాలెం,
19-9-1958

బ్రాడీపేట పండితురాలికి, మొద్దు బాబాయి రాసేది.

లద్దె పురుగంటే ఏమిటో నాకు చెబుతున్నావా! నా చెయ్యి వాసన చూస్తే ఇప్పటికీ లద్దె పురుగు కంపే. అరచేత్తో నలిపి నలిపి నీకు ఫీజులు కట్టాం మీ నాన్నా నేనూ. పుస్తకంలో బొమ్మ చూసినదానివి నువ్వు నాకు కళ్ళ డాక్టర్ని చూపిస్తావా?

పత్తి బేళ్ళ లోడుతో లారీ డ్రైవరు మాబు గుంటూరు వస్తున్నాడు. నా చుట్టల డబ్బాలో పురుగుని పెట్టి, తినడానికి జిల్లేడాకు వేసి, మూతకి మేకుతో చిల్లులు పొడిచి పంపుతున్నాను. నీ రెండు కళ్ళతో నువ్వే చూసుకో. కొమ్ములు లెక్క పెట్టుకో.

డీడీటీ పొడి కొడదామనుకున్నాను. అవధాన్లు గారు నా మీద ఇంతెత్తున లేచారు. తాళి కట్టకముందే పెళ్ళికూతురికి విషం పెడతావటయ్యా, అని. అది నిజమే గదా అనిపించింది. పురుగుల్ని రోజూ పుల్లతో ఏరిపారేస్తున్నాను. మర్నాటికి మళ్ళీ ఉంటున్నాయి.

పున్నమ్మ మాట ఇంకోసారి ఎత్తకు.

యలమందయ్య

* * *

(కార్డు)

గుంటూరు,
27-9-1958

బాబాయికి,

కవరు లేక కార్డు ముక్క రాస్తున్నాను. మాబు ఒంగోలు తిరిగి ఇన్నాళ్ళకి వచ్చి మీ డబ్బా ఇచ్చాడు. పచ్చటి జూకా లాంటిది చేరింది. ఎంత నునుపు! అంచు వెంబడి వరసగా బంగారు చుక్కలు. మీ ఇంటి నుంచి ఇంత చక్కటిది వస్తుందనుకోలేదు. నా దగ్గరే ఉంచుకుంటాను, తిరిగి పంపను. పున్నమ్మ పిన్ని ఉంటే చూసి మురిసిపోయేది. ఇలాంటివి ఇంకా ఉంటే పంపండి. పెళ్ళివారికి చెప్పి నవ్వులపాలు కాకండి.

కోటిరత్నం

* * *

కొండవారిపాలెం,
4-10-1958

కోటిరత్నానికి,

నీకు పుణ్యముంటుంది, ఈ జన్మలో మళ్ళీ కార్డు రాయకు.

మన పోస్టు జయరావు సంగతి నీకు తెలియదా? కార్డు వచ్చిందంటే రచ్చబండ మీద అందరూ విన్నాక గాని ఇంటికి రాదు. బంగారు చుక్కల జూకా నీకు పంపానని, పెళ్ళివారికి చెప్పొద్దన్నావని నేను చేలోంచి వచ్చేసరికి ఊరంతా పాకింది. తెల్లారేసరికి పేటకి పాకింది. మాణిక్యం వాళ్ళ అన్న ఆదెయ్య నలుగురు పెద్దమనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. "పున్నమ్మ నగలు అన్న కూతురికి దోచిపెట్టి, మా చెల్లెలికి బోడి చెవులతో తాళి కడతావా? ఇప్పుడే ఇట్టా దాస్తే రేపెట్టా?" అని వాకిట్లో నిలబడి అరిచాడు. పురుగుని పంపానయ్యా అన్నాను. "పురుగుని పంపితే జూకా చేరిందా? మేం గడ్డి తింటున్నామా?" అన్నాడు. ఏమని చెప్పను?

మాబుని పిలిచి అడిగాను. దారిలో డబ్బా ముట్టనేలేదని పీర్ల మీద ఒట్టేశాడు. నేను వాణ్ణి అనుమానించానని ఇప్పుడు నా లోడు ఎత్తనంటున్నాడు.

పున్నమ్మ జూకాలు ఎప్పుడో సుబ్బులు కాన్పప్పుడే అమ్మాను. ఆ డబ్బూ పోయింది, అదీ పోయింది, బిడ్డా పోయింది. అది ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు?

నీకు చేరింది ఏదయినా సరే వెంటనే పంపు. ఆదెయ్యకి చూపించాలి. దసరా వెళ్ళాక తాంబూలాల మాట తేల్చుకుందామన్నాడు. అంటే వద్దనడమే.

యలమందయ్య

* * *

బ్రాడీపేట,
9-10-1958

బాబాయి గారికి,

కవరులోనే రాస్తున్నాను, గోందు కూడా రెండుసార్లు పూశాను. మీ జయరావు నాకి విప్పుకోవాలి.

జూకా పంపలేను. ఎగిరిపోయింది.

కాగితం చింపెయ్యకుండా చదవండి. ఆ జూకా మీ పురుగే. మీరు చూసింది నిజమే, మూడు చోట్ల కొమ్ములుంటాయి. నేను చెప్పిందే తప్పు. ఇది గోడ మీద సున్నంతో రాసి పెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ ఒప్పుకోను. మాబు మీద అభాండం వేసినందుకు మీరు కూడా వాడి దగ్గరికి వెళ్ళి ఒప్పుకోండి.

మీ మిరప చేలో, గట్ల మీద, పొద్దుటి పూట నిదానంగా ఎగిరే నారింజ రంగు సీతాకోకచిలుక ఉంటుంది. రెక్కల అంచు నలుపు, ముందు రెక్కల కొసన తెల్లటి పట్టె. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నారు, ఎప్పుడన్నా ఆగి చూశారా? మా కాలేజీ పుస్తకంలో దాని పేరు ప్లెయిన్ టైగర్. అది వెతుక్కుంటూ వచ్చి జిల్లేడాకు అడుగున తెల్లటి గుడ్డు పెడుతుంది. ఒక ఆకు మీద ఒకటి, ఇంకో ఆకు మీద ఇంకొకటి. అందుకే మీరు ఏరేకొద్దీ పుట్టుకొస్తున్నాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు జిల్లేడాకే తింటుంది, వొళ్ళు పట్టక చర్మం విడుస్తుంది, మళ్ళీ తింటుంది. ఆ పాలు దానికి విషం కాదు. ఆ చేదు దాని వొంటికి పడుతుంది. రెక్కలొచ్చాక కూడా పోదు. కాకో పిట్టో ఒకసారి నోట పెట్టిందంటే ఉమ్మేసి మళ్ళీ దాని జోలికి రాదు. తినడం చాలనుకున్నాక తలకిందులుగా వేలాడి ఆఖరి చర్మం విడిచి, ఆ పచ్చటి గూడుగా మారుతుంది. డబ్బా మూతకి వేలాడుతూ నాకు చేరింది అదే. లోపలేం జరిగిందో ఏమో, ఓ రోజు పొద్దున చూస్తే గూడు పగిలి ఉంది, పిట్టగోడ మీద సీతాకోకచిలుక నారింజ రెక్కలు ఆరబెట్టుకుంటోంది. నేను బడి నుంచి వచ్చేసరికి లేదు.

ఇదీ మీ నగ కథ. ఆదెయ్యకి చెప్పండి. నమ్మకపోతే ఇంకా మంచిది. ఆ పురుగుకి కూడా చాలు అని ఒకటి తెలుసు బాబాయ్, మీకే తెలియదు. ఇద్దరు ఆడవాళ్ళు మీ గడపలోంచి కాళ్ళు ముందుకి పెట్టుకుని వెళ్ళారు. ఆదెయ్య పుణ్యమా అని మూడో ఆవిడ బతికిపోతుందంటే, నా కార్డు ఒకందుకు మంచిదే చేసింది.

కోటిరత్నం

* * *

కొండవారిపాలెం,
26-10-1958

కోటిరత్నానికి,

నీ ఉత్తరం ఆదెయ్యకి చదివి వినిపించాను. పెద్దమనుషులు కూడా కూర్చుని విన్నారు. జూకా ఎగిరిపోయింది అన్నచోట ఒకాయనకి నవ్వి నవ్వి దగ్గు తెర వచ్చింది. ఆదెయ్య మాత్రం నవ్వలేదు. "బాబాయీ అన్న కూతురూ కలిసి మా చెవుల్లో పువ్వులు పెడుతున్నారు" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆఖర్న నువ్వు రాసింది వాళ్ళకి చదవలేదు. దానికి జవాబు రాద్దామా వద్దా అని ఇన్నాళ్ళు ఊరుకున్నాను.

పున్నమ్మ విషయంలో నువ్వన్నది నిజమే. ఎకరాల కొద్దీ కాయ ఎండుతోంది, మబ్బు పట్టింది, ఇంకొక్క రోజు చూద్దామన్నాను. ఆ రోజు గురించి నువ్వు నాకు గుర్తు చెయ్యక్కర్లేదు. సుబ్బులికి నొప్పులు రాగానే బండి కట్టాను. వానకి వాగు పొంగింది. బండిలోనే పోయింది. నేను మోసిన ఇద్దరూ తేలికే. మనుషులు చచ్చాక బరువు ఉండరు, నీకు తెలియదు.

అవధాన్లు గారు సంభావన కోసం చెబుతున్నాడని నాకు తెలియదనుకున్నావా? అంత వెర్రివాణ్ణా? నాకు భయం కోటిరత్నం. మాణిక్యం నా ఇంటికొచ్చి ఏడాది తిరక్కుండా పాడె ఎక్కితే నేనేం కావాలి? గట్టు మీద పిచ్చి మొక్కకి పసుపుతాడు కడితే అది బతుకుతుందంటే, కడతాను. ఊరు నవ్వితే నవ్వనీ. నువ్వూ నవ్వు. నీకు అలవాటేగా.

ఇంకో సంగతి. వచ్చే ఆదివారం మాణిక్యం నీ దగ్గరికి వస్తోంది. ఆదెయ్య వద్దన్నాడట. "జూకానో పురుగో నేను పోయి చూసొస్తా, నువ్వు నోరు మూసుకో" అందట. అడ్రసు నేనే ఇచ్చాను. వస్తే కాఫీ ఇయ్యి. నన్ను తిట్టినట్టు దాన్ని తిట్టకు. అది నాలాగా పడి ఊరుకోదు.

యలమందయ్య

* * *

బ్రాడీపేట,
3-11-1958

బాబాయికి,

ఆవిడ వచ్చింది. పొద్దున మొదటి బస్సుకే దిగింది. కాఫీ ఇచ్చాను, నీళ్ళలా ఉందంది. మంచం కింద దుమ్ము చూసి, టీచర్లకి చీపుళ్ళు అమ్మరా అని అడిగింది. ఆడకూలీల మీద మేస్త్రీ అంటే ఏమిటో నాకు బాగా అర్థమైంది.

"జూకా అని రాసింది నువ్వేనా? టీచరమ్మా, కార్డు మీద ఎవరన్నా జూకా అని రాస్తారా? పురుగు గూడు అని ఏడవొచ్చుగా! మా అన్న ఇల్లు పీకి పందిరేస్తున్నాడు" అంది. ఇన్నేళ్ళలో ఎవరూ నన్ను అలా దులపలేదు.

ఆవిడ అదృష్టమో నాదో గాని, రైలు కట్ట పక్క జిల్లేళ్ళ మీద నుంచి పిల్లలకి చూపించడానికని నేను పురుగుల్ని తెచ్చి గాజు సీసాలో పెంచుతున్నాను. రెండు ఇంకా తింటున్నాయి. ఒకటి పచ్చటి గూడై వేలాడుతోంది. ఇంకోదాని పచ్చదనం పోయి, నారింజ రెక్కలు మడిచిపెట్టినట్టు లోపల కనపడుతున్నాయి. బంగారు చుక్కలు చూసి ఆవిడ గోటితో గీకబోయింది. చెయ్యి పట్టుకు ఆపాను. "దీన్ని చూస్తే మా అన్నేంటి, కంసాలి కూడా మోసపోతాడు" అంది. కూర్చుంది. ఫలహారానికి పిలిస్తే వినలేదు. ఎండెక్కేవేళకి గూడు చీలింది. తడి రెక్కలతో అది బయటికి ఈడ్చుకొచ్చి వేలాడింది. రెక్కలు నలిగిన గుడ్డముక్కల్లా ఉన్నాయి. చూస్తుండగానే విచ్చుకున్నాయి. ఆవిడ అంతా చూసి, "సరే, పురుగే. మా అన్నకి నేను చెబుతా" అంది. అంతే, జూకా గొడవ తీరిపోయింది. నేను నాలుగు పేజీలు రాసినా తీరనిది.

లేస్తూ లేస్తూ ఒక మాట అంది. అది అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"మీ బాబాయి గండం జిల్లేడుకి పోతుందంటగా. బాగానే ఉంది. మరి నాదో? మా ఆయన్ని నేనే మింగానని షెడ్డులో సగంమంది అంటారు. నా గండం నాతోనే ఆ ఇంటికొస్తదిగా, అది ఎవరికి తగులుద్ది? ఆయనకేగా? ఆయన నాకోసం చెట్టు చూశాడు. ఆయన కోసం నేను ఏ చెట్టుని చూడాలో మీ పంతులు చెప్పాడా?"

చెట్లకీ గండాలకీ సంబంధం లేదని పాఠం చెప్పబోయాను. "అది నాకూ తెలుసు, అడిగింది అది కాదు" అంది. ఆవిడకీ మీలాగే భయం. మీ కోసం.

ఆవిడ మీకు చాలా ఎక్కువ. ఇది తిట్టే, తిట్టుగానే తీసుకోండి. జవాబు తెలిస్తే ఆవిడకే చెప్పండి, నాకు రాయకండి.

కోటిరత్నం

* * *

కొండవారిపాలెం,
14-11-1958

కోటిరత్నానికి,

రాయొద్దన్నావు గనక రాస్తున్నాను.

అవధాన్లు గారి దగ్గరికి వెళ్ళి మాణిక్యం అడిగింది అడిగాను. పంచాంగం ముందుకీ వెనక్కీ తిప్పాడు. దానికి శాస్త్రంలో ఏమీ లేదన్నాడు. "పోనీ, మా పెళ్ళికి మంత్రాలన్నా బాగా చదవండి" అన్నాను. "ఆ పెళ్ళికి నేనెందుకు వస్తానయ్యా? విధవరాలి పెళ్ళికి మంత్రాలెక్కడివి? జిల్లేడు దాకా నేను చేయిస్తాను. తరవాత మీరు కోటప్పకొండ పోయి దండలు మార్చుకోండి" అన్నాడు. ఇన్నాళ్ళూ నాకు ఈ సంగతి చెప్పనేలేదు. జిల్లేడుకి మంత్రాలున్నాయట, మాణిక్యానికి లేవట! నేను మామూలుగా ఎవర్నీ తిట్టను, నువ్వు నమ్మవుగాని. ఆ రోజు మాత్రం ఆయన అరుగు దిగేదాకా తిట్టాను. కంప పీకి పొయ్యిలో పెట్టాను. చెట్టుని పురుగులు తింటాయో మేకలు తింటాయో నాకనవసరం.

పేట వెళ్ళాను. షెడ్డులో పొగాకు ఘాటుకి నాకు తుమ్ములు. ఆడకూలీలు పని ఆపి ఒకటే చూపు. మాణిక్యం చేతిలో ఆకు చేతిలోనే ఉంచుకుని, ఏంటన్నట్టు నిలబడింది. దారంతా అనుకున్నది ఒకటీ గుర్తు రాలేదు. "చెట్టూ లేదు, పంతులూ లేడు. నీ గండం నీ దగ్గరే ఉండనీ. నాది నా దగ్గర ఉంటుంది. రెండూ తీసుకుని ఒకే ఇంట్లో పడి ఉందాం, నీకిష్టమైతే" అన్నాను. అందరూ విన్నారు. నాకు భయం పోయిందని కాదు. ఇప్పుడూ ఉంది. ఇది రాస్తుంటే కూడా ఉంది.

ఆదెయ్య పెళ్ళికి రానని భీష్మించుకు కూర్చున్నాడు. గుంటూరు రిజిస్ట్రారాఫీసులో చేసుకుంటున్నాం. సాక్షి సంతకాలు కావాలట. మాబు ఒకటి పెడతానన్నాడు, వాడి కాళ్ళూ వేళ్ళూ పట్టుకున్నాక. నువ్వొకటి పెట్టు. ఇష్టం లేకపోయినా పెట్టు. ఆవిడ నా కంటే ఎక్కువన్నావుగా, ఆవిడ తరఫున పెట్టు.

ఇంతకీ మాణిక్యం ఏమందో చెప్పలేదు. చేతిలో ఆకు మడిచి కట్టలో పెట్టింది. తరవాత తలెత్తి అంది: "సరే. ఇద్దర్లో ఎవరు ముందు పోతారో చూద్దాం. మిగిలినవాళ్ళు మాత్రం మళ్ళీ పెళ్ళి మాట ఎత్తకూడదు."

నేను ఒప్పుకున్నాను.

మీ బాబాయి,
యలమందయ్య